చివరి మెట్రో లోపు హైదరాబాద్

శుక్రవారం సాయంత్రం ఆరు దాటిందంటే హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "ఎక్కడికెళ్దాం?" ఒకరు గచ్చిబౌలి అంటారు. ఇంకొకరు "ఈ ట్రాఫిక్‌లోనా?" అంటారు. మూడో మనిషి బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి మాయమవుతాడు. ఎనిమిదిన్నరకి ఫోన్లో బిర్యానీ ఆర్డరు, తొమ్మిదికి ఓటీటీలో సగం సినిమా, పదకొండుకి సోఫాలోనే కునుకు. సోమవారం ఆఫీసులో ఎవరైనా అడిగితే జవాబు రెడీగా ఉంటుంది: "ఈ సిటీలో మాల్స్ తప్ప ఇంకేముంది చెప్పు!"

ఆ మాట అంటున్న రోజు సాయంత్రమే చిక్కడపల్లిలో ఒక కూచిపూడి ప్రదర్శన, బాగ్‌లింగంపల్లిలో ఒక పుస్తకావిష్కరణ, రవీంద్రభారతిలో ఒక నాటకం ఉండి ఉండొచ్చు. వాటిలో చాలావాటికి టికెట్ కూడా ఉండదు. పొద్దున పేపరు లోపలి పేజీలో 'నేటి కార్యక్రమాలు' అని చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ఉంటాయి. కానీ ఆ పేజీ దాకా ఎవరూ వెళ్లరు.

సాయంత్రాలు చేజారుతున్నది డబ్బు లేకనో తీరిక లేకనో అనుకుంటాం. అసలు చిక్కు లెక్క తలకిందులుగా వేయడంలో ఉంది. చాలామంది ముందు చోటు గురించి వాదించుకుంటారు, తర్వాత ఎవరెవరు వస్తారో తేల్చుకుంటారు, ఇంటికెలా చేరాలన్నది రాత్రి పదకొండున్నరకి రోడ్డు మీద నిలబడి ఆలోచిస్తారు. అప్పటికి క్యాబ్ రేటు రెట్టింపై ఉంటుంది, ఆటోవాలా మీటరు మాటే ఎత్తడు. ఈ నగరంలో సాయంత్రాలు హాయిగా గడిపే పాతకాపులను గమనిస్తే వాళ్ల లెక్క వెనక నుంచి మొదలవుతుంది. ముందు తిరుగు ప్రయాణం, తర్వాత తోడు, ఆఖర్న చోటు. ఈ అధ్యాయంలో ఉన్నదంతా ఈ వరసను ఒక వారానికి వర్తింపజేయడమే.

తిరుగు ప్రయాణం అంటే ముఖ్యంగా మెట్రో. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో మూడు లైన్లు కలిపి సుమారు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. టెర్మినళ్ల నుంచి చివరి రైలు రాత్రి పదకొండు ప్రాంతంలో కదులుతుంది. చిత్రమేమిటంటే, నగరంలో సాయంత్రం పూట కాలక్షేపం దొరికే పాత చోట్లన్నీ దాదాపు ఈ పట్టాల వెంటే ఉన్నాయి. రవీంద్రభారతికి అసెంబ్లీ, లక్డీకాపూల్ స్టేషన్లు రెండూ దగ్గరే. నుమాయిష్‌కి నాంపల్లి, గాంధీభవన్. త్యాగరాయ గానసభకి చిక్కడపల్లి. సినిమాలకి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. ఉప్పల్ క్రికెట్‌కి స్టేడియం పేరుతోనే ఒక స్టేషన్. చార్మినార్‌కి మాత్రం ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కక తప్పదు. అందువల్ల పాతకాపు గడియారం పదిన్నర దగ్గర ఆగుతుంది. అప్పటికి స్టేషన్ మెట్లెక్కగలిగితే ఆ సాయంత్రం ఖర్చు రానూపోనూ కలిపి ఒక ప్లేటు మిర్చి బజ్జీ, రెండు చాయ్‌లు కలిపినంత. మహిళలకు ఇంకో వెసులుబాటు ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఈ పథకం వచ్చాక సాయంత్రం బస్సుల్లో ఆడవాళ్ల రద్దీ ఎలా పెరిగిందో రోజూ ఎక్కేవాళ్లకు తెలుసు. ఆ రద్దీ అంతా ఆఫీసులదీ ఆసుపత్రులదీ ఎందుకు కావాలి? కొంత సభలకీ సంగీతానికీ మళ్లినా బాగుంటుంది.

సోమవారం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఆ రోజు పని వారాన్ని చూసుకోవడం. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్లు కూడా సోమవారం తలుపులు మూస్తాయి. బుక్‌మైషోలో సినిమాలు, కచేరీలు, కామెడీ షోలు కనిపిస్తాయి. పేపర్లో సభలు కనిపిస్తాయి. ఈ రెండు ప్రపంచాలకీ ఒకదాని గురించి ఒకదానికి తెలియదు. యాప్‌లో చూసేవాళ్లకి త్యాగరాయ గానసభ అనేది ఒకటుందని తెలియదు, గానసభకి వెళ్లేవాళ్లకి మాదాపూర్‌లో తెలుగు స్టాండప్ కామెడీ నడుస్తోందని తెలియదు. వారంలో ఒక కార్యక్రమం ఇటు నుంచి, ఒకటి అటు నుంచి ఎంచుకోవడం మంచి అలవాటు. రెండే. మూడో దానికి ఆశపడితే మొదటి రెండూ పోతాయి.

మంగళవారం, బుధవారం సభల రోజులు. చిక్కడపల్లిలోని శ్రీ త్యాగరాయ గానసభ 1966 నుంచి నడుస్తోంది. ఏడాదిలో చాలా సాయంత్రాలు అక్కడ ఏదో ఒకటి ఉంటుంది: పాత సినిమా పాటల విభావరి, హరికథ, నృత్యం, నాటిక, అష్టావధానం, ఎవరో ఒకరి జయంతి. ప్రవేశం ఎక్కువగా ఉచితమే. కొత్తగా వెళ్లేవాళ్లకి మాత్రం సభల కాలజ్ఞానం కొంచెం తెలియాలి. ఆహ్వానపత్రంలో సాయంత్రం 6 అని ఉంటే ఆరింటికి కుర్చీలు సర్దుతుంటారు. ఆరున్నరకి మైకు పరీక్ష. ఆరూ నలభైకి జ్యోతి ప్రజ్వలన. ఆ తర్వాత సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వరసగా మాట్లాడతారు. ఒక్కొక్కరూ "సమయాభావం వల్ల రెండే మాటలు" అని మొదలుపెట్టి పావుగంట తీసుకుంటారు. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. ఈలోగా పక్కగదిలో గజ్జెలు కట్టుకున్న పదేళ్ల పిల్ల తల్లి కొంగు పట్టుకుని "ఇంకెప్పుడమ్మా?" అని అడుగుతూ ఉంటుంది. ముందు వరసల్లో కూర్చునే పెద్దవాళ్లకి ఇదంతా అలవాటే. సంచిలో మంచినీళ్ల సీసా, పొడి వాతావరణమైనా గొడుగు, చేతిలో కార్యక్రమాల కాగితం. వాళ్లను అడిగితే అసలు కార్యక్రమం ఎప్పుడు మొదలవుతుందో నిర్వాహకుల కంటే కచ్చితంగా చెబుతారు.

ఉపన్యాసాల మీద మోజు లేనివాళ్లు ఏడింటికి చేరుకుంటే చాలు. పనిలో పనిగా ఒక మాట: సన్మానాలు ముగిశాక సగం హాలు ఖాళీ అవుతుంది, ఎందుకంటే వచ్చినవాళ్లలో సగం మంది సన్మానితుల బంధువులు. అప్పుడే మంచి కుర్చీలు దొరుకుతాయి, మంచి కళ కూడా అప్పుడే మొదలవుతుంది.

రవీంద్రభారతి దీనికంటే పెద్దది, కొంచెం గంభీరం. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరమైన 1961లో తెరిచారు. ప్రధాన హాలు ఒక్కటే చూసి వచ్చేవాళ్లు పైన పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉందన్న సంగతి గమనించరు. తెలంగాణ నుంచి వెళ్లి హిందీ సినిమాల్లో వెలిగి, దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న నటుడి పేరది. 2016లో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ 'సినివారం' పేరుతో కొత్త దర్శకుల లఘు చిత్రాలను శనివారాలు ఇక్కడే వేయడం మొదలుపెట్టింది. ఒక కుర్ర దర్శకుడు తన పదిహేను నిమిషాల సినిమా వేసి, లైట్లు వెలిగాక వణుకుతున్న గొంతుతో ప్రశ్నలకి జవాబు చెప్పడంలో ఉన్న రంజు ఏ మల్టీప్లెక్స్‌లోనూ దొరకదు.

ఇక్కడే సురభి గురించి చెప్పుకోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. తరాలు గడిచినా నటులు, తెర లాగేవాళ్లు, రంగులు వేసేవాళ్లు అందరూ ఒకే వంశవృక్షంలోని కొమ్మలు. వాళ్లలో చాలామంది ఇప్పుడు లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉంటున్నారు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్లే దృశ్యం కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి పెరిగిన పిల్లల్ని కూడా సీటు అంచు మీదికి లాగుతుంది. తీగ ఎక్కడుందో కనిపెట్టాలని వాళ్లు కళ్లు చిట్లిస్తారు, దొరకదు. నగరంలో సురభి ప్రదర్శన ఎప్పుడు ఉందని తెలిసినా ఆ వారం మిగతా పథకాలన్నీ పక్కన పెట్టేయవచ్చు. తెలుగువాళ్లు తమ పిల్లలకి చూపించి తీరాల్సినవాటిలో ఇదొకటి అనడంలో అతిశయోక్తి లేదు.

వారం మధ్యలో ఏమీ జరగదనుకునేవాళ్లకి ఉప్పల్ ఒక జవాబు. 2024 మార్చి 27 బుధవారం. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆ రాత్రి ముంబై ఇండియన్స్ మీద 3 వికెట్లకు 277 పరుగులు చేసింది. ముంబై కూడా ఊరుకోలేదు, 246 కొట్టింది. రెండు జట్లూ కలిపి 523 పరుగులు, 38 సిక్సర్లు. పనిరోజు కదా అని వెళ్లనివాళ్లు టీవీ ముందు కూర్చుని నాలుక కరుచుకున్నారు. ఐపీఎల్ టికెట్ల గొడవ అందరికీ తెలిసిందే, అమ్మకం తెరిచిన నిమిషాల్లో ఐపోతాయి. కానీ పనిరోజు మ్యాచ్‌కి, అదీ పెద్ద తారలు లేని ప్రత్యర్థితో ఉన్నప్పుడు, దొరికే అవకాశం మెరుగు. రాత్రి ఏడున్నర మ్యాచ్ ముగిసేసరికి పదకొండు దాటుతుంది కాబట్టి ఆ రోజు మెట్రో వేళలు పొడిగించారో లేదో ముందే చూసుకోవాలి. సీజన్‌లో తరచూ పొడిగిస్తుంటారు.

సినిమా లేకుండా తెలుగువాడి వారం లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి అని థియేటర్ల పేర్లు వరసగా చెప్పడం హైదరాబాదీ కుర్రకారుకి ఎక్కం అప్పజెప్పినంత సులువు. ఓడియన్ పోయింది, ఇంకొన్ని పోయాయి. మిగిలిన సింగిల్ స్క్రీన్లలో ఈలలు, కాగితపు ముక్కలు, హీరో ఎంట్రీకి సెల్‌ఫోన్ లైట్లు ఇంకా అలాగే ఉన్నాయి. దానికి తగ్గ ముప్పు కూడా ఉంది. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ప్రీమియర్ సమయంలో సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. అభిమానం ఎంత ఉన్నా, చిన్నపిల్లల్ని వెంటపెట్టుకుని ప్రీమియర్ రాత్రి పెద్ద హీరో సినిమాకి వెళ్లకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. సినిమా ఎక్కడికీ పోదు. సోమవారం దాటాక అదే థియేటర్లో ఫస్ట్ షోకి కౌంటర్లో టికెట్ తీసుకుని, బాల్కనీలో కాళ్లు చాపుకుని చూడొచ్చు. ఆ షో తొమ్మిదిన్నర ప్రాంతంలో వదులుతారు. పక్కనే బావర్చీలో బిర్యానీ తిని, మెట్రో ఎక్కడానికి సమయం సరిపోతుంది. సెకండ్ షో అయితే లెక్క తప్పుతుంది. అర్ధరాత్రి దాటుతుంది, అప్పుడు సొంత బండి లేదా క్యాబ్.

గురువారం నాంపల్లి. పాత హైదరాబాద్‌లో గురువారం రాత్రికి ఉన్న విలువ సైబరాబాద్‌లో శుక్రవారానికి కూడా లేదు. యూసుఫైన్ దర్గాకి ఆ సాయంత్రం మతంతో నిమిత్తం లేకుండా జనం వస్తారు. గేటు దగ్గర గులాబీ రేకులు, అగరొత్తులు, చాదర్లు అమ్మే కొట్లు. లోపల కవ్వాలీ. హైదరాబాద్ కవ్వాలీ అంటే దేశమంతటా వార్సీ కుటుంబం పేరు చెబుతారు. దర్గా ఆవరణలో పాడేది ఎవరైనా సరే, హార్మోనియం, ఢోలక్, చప్పట్లు కలిసి ఊపందుకునే క్షణం ఒకటి వస్తుంది. భాష తెలియనివాళ్ల తలకాయ కూడా దానంతట అదే ఊగుతుంది. తలమీద రుమాలు, చేతిలో చెప్పుల టోకెన్, ఫోన్ జేబులో: పాటించాల్సింది ఇంతే. అది ప్రార్థనా స్థలం, రీల్స్ తీసుకునే వేదిక కాదన్న ఎరుక ఉంటే చాలు.

అక్కడి నుంచి నడుచుకుంటూ మొజంజాహీ మార్కెట్‌కి పోతే 1935 నాటి రాతి కట్టడం, గడియారం గోపురం, బయట ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని తినే ఐస్‌క్రీం. చేత్తో తిప్పి చేసే పండ్ల ఐస్‌క్రీంకి ఆ మార్కెట్ పెట్టింది పేరు. సీతాఫలాల కాలంలో సీతాఫలం, వేసవిలో మామిడి. ఒక మాటు తిన్నవాళ్లు ఫ్రిజ్ డబ్బా వైపు కొన్నాళ్లు చూడరు. గాంధీభవన్ స్టేషన్ అక్కడికి దగ్గరే. మొత్తం గురువారం ఖర్చు మూడొందలు మించదు, ఎనిమిది మందిని తీసుకెళ్తే తప్ప.

'నైట్‌లైఫ్' అనగానే చాలామందికి కళ్ల ముందు కదిలేది జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పబ్బులు. వాటిని ఈ అధ్యాయం తిట్టబోవడం లేదు. పాతికేళ్ల వయసులో స్నేహితులతో డీజే మోత మధ్య ఒక శనివారం గడపడం తప్పేమీ కాదు. చట్టం మాత్రం తెలిసి ఉండాలి. తెలంగాణలో మద్యం తాగడానికి కనీస వయసు 21. నగర పరిధిలో బార్లు మామూలు రోజుల్లో అర్ధరాత్రికి, శుక్ర శనివారాల్లో ఒంటిగంటకి మూసేయాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. మొదటిసారి పట్టుబడితే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "రెండు బీర్లే కదా" అనే మాట బ్రీత్ అనలైజర్ వినిపించుకోదు. శనివారం రాత్రి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సందులోకి తిప్పి తప్పించుకోవచ్చనుకునే తెలివి పోలీసులకి ఎప్పుడో తెలుసు. సందు చివర్లో కూడా వాళ్లే ఉంటారు. ఇక్కడా అదే వరస: ఇంటి నుంచి బండి తీయకుండా బయల్దేరడమే తిరుగు ప్రయాణం ముందు తేల్చుకోవడం అంటే.

పెద్ద కచేరీల సంగతి వేరు. మూడు నాలుగేళ్లుగా హైదరాబాద్ దేశంలోని కచేరీ నగరాల సరసన చేరింది. 2023 ఫిబ్రవరిలో గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా. 2024 అక్టోబరులో అదే స్టేడియంలో దేవిశ్రీ ప్రసాద్. నవంబరు 15న శంషాబాద్ వైపు దిల్జిత్ దొసాంజ్. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్. జాబితా చూస్తే గర్వంగానే ఉంటుంది. కానీ ఈ చోట్లలో ఏదీ మెట్రో పట్టాల మీద లేదు. ఫిల్మ్ సిటీ నగరం నుంచి 30 కిలోమీటర్ల అవతల. అరవై వేల అడుగులు ఒకేసారి పార్కింగ్ వైపు కదిలినప్పుడు రెండు గంటల పాట తర్వాత మూడు గంటల హారన్ వినాల్సి వస్తుంది. అందుకని పెద్ద కచేరీ ఏడాదికి ఒకటి చాలు, అదీ నిజంగా ప్రాణమిచ్చే గాయకుడిదైతేనే. నలుగురు పంచుకునేలా కారు ముందే మాట్లాడుకోవాలి, నీళ్లు తాగి తిండి తిని వెళ్లాలి, ఆఖరి పాటకి ముందు బయటపడాలా వద్దా అన్నది లోపలికి వెళ్లే ముందే నిర్ణయించుకోవాలి. లోపలికి వెళ్లాక ఆ నిర్ణయం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

పెద్ద కచేరీకి పెట్టే డబ్బులో పదో వంతుతో లామకాన్ దొరుకుతుంది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 వెనక సందులో, బండరాళ్ల మధ్య ఒక పాత ఇల్లు. 2010లో సాంస్కృతిక వేదికగా తెరిచారు. ఒక సాయంత్రం ఉర్దూ కథాపఠనం, ఇంకో సాయంత్రం డాక్యుమెంటరీ, మరోరోజు ఓపెన్ మైక్. ఓపెన్ మైక్‌లో పదిమంది ఎక్కితే ఆరుగురు నవ్వించలేరు. మిగతా నలుగురి కోసమే జనం మళ్లీ వస్తారు. చెట్టు కింద అరుగు మీద చాయ్, సమోసా. పక్కన కూర్చున్న అపరిచితుడితో మాట కలిపితే ఎవరూ వింతగా చూడరు, ఈ నగరంలో అలాంటి చోట్లు ఇప్పుడు తక్కువ.

తోడు గురించి రెండు మాటలు. పది మంది గ్రూపు కదిలేది పెళ్లికే. సాయంత్రం షికారుకి ఇద్దరు, మహా అయితే నలుగురు. పెళ్లయి పిల్లలున్న ఇళ్లలో ఇది ఇంకా కష్టం. "అత్తమ్మా, గురువారం ఎనిమిది దాకా పిల్లల్ని చూసుకుంటారా?" అని సోమవారమే అడిగితే ఆమె సంతోషంగా ఒప్పుకుంటుంది. గురువారం ఆరింటికి అడిగితే ఆమెకి కూడా ఏదో సీరియల్ ఉంటుంది. ఒంటరిగా వెళ్లడానికి జంకేవాళ్లు, ముఖ్యంగా నగరానికి కొత్తగా వచ్చిన అమ్మాయిలు, సభలతో మొదలుపెట్టడం మేలు. వెలుతురున్న హాలు, పెద్దవాళ్లున్న వరసలు, తొమ్మిదికి ముగింపు. మహిళల భద్రతకు పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి నగరంలో పనిచేస్తున్నాయి. అత్యవసరమైతే 112.

ఆదివారం సాయంత్రం త్వరగా మొదలై త్వరగా ముగియాలి. మర్నాడు ఉద్యోగం. గోల్కొండ కోటలో సౌండ్ అండ్ లైట్ షో అందుకు సరిపోతుంది. చాలా ఏళ్లు ఆ షోకి అమితాబ్ బచ్చన్ గొంతే కథ చెప్పింది. షో వేళలు రుతువును బట్టి, భాషలు రోజును బట్టి మారతాయి, చూసుకుని వెళ్లాలి. దోమల మందు రాసుకోవడం మరవకూడదు, ఈ సలహా ఏ టూరిజం కరపత్రంలోనూ ఉండదు. వెలుతురుండగానే వెళితే ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కొండమీది బాలా హిస్సార్‌కి చేరుతుందా అని పిల్లలతో పందెం కట్టొచ్చు. మాదాపూర్ వైపు ఉండేవాళ్లకి శిల్పారామం దగ్గర. వారాంతాల్లో అక్కడి ఆరుబయలు రంగస్థలం మీద నృత్య ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఉద్యోగం చేస్తూ నాట్యం నేర్చుకుంటున్నవాళ్లు, వాళ్ల గురువులు, చప్పట్లు కొట్టడానికి వచ్చిన ఆఫీసు మిత్రులు.

వారం సంగతి ఇది. ఏడాదికి కూడా ఒక లెక్క ఉంది, అది ముందే తెలిసినవాళ్లకి 'రాబోయే వినోదం' కోసం ఎవరి ప్రకటనా అక్కర్లేదు.

జనవరి 1న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ తెరుచుకుంటుంది. మామూలుగా ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువుల ప్రదర్శనగా మొదలై, 1946లో ఇప్పటి చోటుకి వచ్చింది. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి. కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, జెయింట్ వీల్, పిల్లల రైలు, మిర్చి బజ్జీల వాసన. ఆదివారం వెళ్లడమంటే మనుషుల భుజాలు చూసి రావడమే. మంగళ బుధవారాల్లో ఐదింటికి వెళ్లినవాళ్లకి బేరమాడే సమయం, దుకాణదారుడికి వినే ఓపిక రెండూ ఉంటాయి. చివరి వారంలో ధరలు దిగుతాయి. అప్పటికి మంచి రంగులు ఐపోయి ఉంటాయి. ఏది కావాలో ఎవరికి వారే తేల్చుకోవాలి.

సంక్రాంతికి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగుల పండగ. రంజాన్ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది కాబట్టి తేదీ క్యాలెండర్లో చూసుకోవాల్సిందే. ఆ నెలలో హలీం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం కోసం హోటళ్ల ముందు మట్టి, ఇటుకలతో భట్టీలు కడతారు. పొద్దున కట్టెల పొయ్యి మీద ఎక్కిన గోధుమ, మాంసం సాయంత్రానికి దిగుతాయి. ఇద్దరు మనుషులు పొడవాటి కర్రలతో గిన్నెలో దంచుతూనే ఉంటారు, చెమట తుడుచుకోవడానికి ఒకరు ఆగితే రెండోవాడు ఆగడు. మాంసం పీచు, గోధుమ పలుకు తేడా తెలియకుండా కలిసేదాకా ఆ పని ఆగదు. ఇఫ్తార్ ముగిసిన గంట తర్వాత వెళ్లడం మర్యాద, తీరిక కూడా. రాత్రి పదికి మదీనా నుంచి చార్మినార్ దాకా నడక మొదలుపెడితే గాజుల లాడ్ బజార్ నిండా దీపాలు. ఏడాదిలో ఈ ఒక్క నెలకి మాత్రం పదిన్నర నియమాన్ని సడలించుకోవచ్చు. క్యాబ్ డబ్బులు పక్కన పెట్టుకోవాలి, అంతే.

ఆషాఢంలో బోనాలు: గోల్కొండతో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, ఆ తర్వాతి ఆదివారం లాల్‌దర్వాజ. తొట్టెలు, పోతరాజులు, డప్పు. తర్వాత 1954 నుంచి కొలువుదీరుతున్న ఖైరతాబాద్ గణపతి, దసరా ముందు బతుకమ్మ, డిసెంబరు రెండో సగంలో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన. వీటిలో దేనికీ ప్రవేశానికి వందలు పెట్టక్కర్లేదు.

పాఠకులు ఈ అధ్యాయం మూసే ముందు ఒక పని చేయవచ్చు. ఈ వారం పేపర్లో 'నేటి కార్యక్రమాలు' వెతికి, ఇంటికి మెట్రో ఉన్న ఒక్క చోటు ఎంచుకోండి. వెంట రాగల ఒక్కరికి ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టొద్దు, చూసి ఊరుకుంటారు.